కన్నీటి వేగం - కళల చికిత్స

మనోవ్యథతో వచ్చిన రోగికి వైద్యుడు మొదట చెప్పే మాట "ధైర్యంగా ఉండండి, ఏడవకండి" అని. ముప్పది యేండ్లకు పైగా నేనూ ఆ మాటే చెబుతూ వచ్చాను. అది శాస్త్రవిరుద్ధమని ఒక తల్లి వలన తెలిసికొన్నాను.

చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆపకూడని వేగాలు 13 చెప్పబడ్డాయి. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, నిద్ర మొదలైన వాటితో పాటు కన్నీరు కూడ వాటిలో ఉన్నది. దానిని ఆపితే పీనసం, నేత్రరోగాలు, హృద్రోగం, అరుచి, తల తిరగడం కలుగుతాయట. చికిత్సగా నిద్ర, మద్యం, ప్రియమైన కథలు చెప్పారు. (మద్యం మాట నేను ఏ రోగికీ చెప్పను, కథలను మాత్రం విడువను.) శోకం, భయం, క్రోధం వంటి మనోవేగాలను నిగ్రహించుకోవాలన్న మాట కూడ ఆ అధ్యాయంలోనిదే. గురుకులంలో రెండింటినీ కంఠస్థం చేశాము. శోకనిగ్రహం జ్ఞాపకముంచుకొని, కన్నీటి సంగతి మరచిపోయాము.

ఆ తల్లికి యాభై యేండ్లు దాటాయి. ఎదిగిన కుమారుడు పొలంలో మోటారు వద్ద కరెంటు తగిలి మరణించాడు. ఆమెకు చుక్క కన్నీరు రాలేదు. నిద్ర లేదు, అన్నం సహించదు, గుండెలో బరువు. అశ్వగంధ చూర్ణం పాలతోను, బ్రాహ్మీఘృతం విడిగాను ఇచ్చి, "మిగిలిన పిల్లల కోసమైనా ధైర్యం తెచ్చుకోండమ్మా" అన్నాను. రెండు మాసాలైనా గుణం లేదు. మందులు మార్చాను, మోతాదు పెంచాను. ఆ మాట మాత్రం మార్చలేదు.

ముగ్గులలో ఆమెది చేయి తిరిగిన పని అనీ, మైల తీరి మాసాలు గడచినా వాకిట ముగ్గు పెట్టడం లేదనీ కోడలి మాటల్లో తెలిసింది. ఒక నోటుపుస్తకం, రంగు పెన్సిళ్లు ఇచ్చి, "తోచినది గీయండి, బాగుండనక్కరలేదు" అన్నాను. మొదటి పుటలన్నీ చుక్కలే. కలిపే గీత లేదు. మూడవ వారం ఒక పుటలో బావిగట్టు, మోటారు పెట్టె, ప్రక్కన ఒక జత చెప్పులు గీసి తెచ్చింది. నాకు చూపుతూనే బిగ్గరగా ఏడ్చింది. అరగంట సేపు నేను నోరు మెదపలేదు. ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయిందట. వ్యాధి అంతటితో పోలేదు. ఏడాది పట్టింది; మందులూ నడిచాయి.

క్షయరోగంతో శానిటోరియంలో ఉండగా బొమ్మలు వేసి స్వస్థత పొందిన ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్, 1942లో ఈ పద్ధతికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టాడు. మన పల్లెలలో స్త్రీలు పోయినవారి గుణగణాలు తలచుకొని రాగాలు తీసి ఏడ్చేవారు. పట్టణం చేరి దానిని అనాగరికమనుకొన్నాము!

సత్త్వావజయ చికిత్స అంటే హితబోధ మాత్రమే అనుకొనే తోటి వైద్యులతో నాకు ఇక్కడే పేచీ. నోరు పెగలని రోగికి మన బోధ దేనికి? అతని చేతికి బొమ్మో, పాటో, మట్టిముద్దో అందించాలి. అయితే గీసిన బొమ్మను జాతకచక్రంలా చదివి ఫలితాలు చెప్పరాదు. నల్లరంగు వాడినంతనే నిరాశ అనడం మూర్ఖత్వం. ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. ఘోరమైన సంఘటనను చూచినవారికి అది మళ్లీ కళ్లకు కట్టి భయం ముదరవచ్చు.

చావు మాటలు మాట్లాడే రోగి విషయంలో బొమ్మలతో, ఘృతాలతో కాలయాపన చేయక వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసికొని వెళ్లండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.