వినే మనిషికి జీతమెవరిస్తారు?

పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవాలంటే భయమేయడం మనకేమీ కొత్త కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి గగ్గోలు పుట్టినప్పుడు ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తరువాత ఫెయిలైన వాళ్లందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ చూపించింది. మార్కులైతే దిద్దుకోవచ్చు మరి!

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఆ ఏడాది పరీక్ష తప్పడమే కారణమని రాసుకున్న మరణాలు 2,248. అంటే ఎక్కువమంది పిల్లల బాధ ప్రోగ్రెస్ కార్డులో కనబడేది కాదన్నమాట. ఇంట్లో గొడవలు, హాస్టలు బెంగ, అప్పు చేసి ఫీజు కట్టిన నాన్న మొహం, ఎవరికీ చెప్పుకోలేని వేధింపు... వీటికి రీవాల్యుయేషన్ ఎక్కడుంది?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక బెంగాలీ అమ్మాయి తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న ఆ కేసును సీబీఐకి అప్పగిస్తూ కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది గానీ, అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతిచోటా కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్‌ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్‌ గానీ ఉండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయొద్దంది. వందకు తక్కువున్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. బాగుంది. మరి ఆ మనిషికి జీతం ఏ పద్దు కింద రాస్తారు?

కార్పొరేట్ కాలేజీల సంగతి విడిగా చెప్పాలి. ర్యాంకుల ఫొటోలతో పేపర్లలో పూర్తి పేజీ ప్రకటనలు ఇవ్వగలిగిన వాళ్లకు ఒక కౌన్సెలర్ జీతం భారమంటే నేను నమ్మను. వాళ్లకు కావలసింది డబ్బు కాదు, తనిఖీ. చిక్కంతా సర్కారు బడులతోనే.

2024-25 కేంద్ర బడ్జెట్‌లో ఆరోగ్యశాఖకు సుమారు 91 వేల కోట్లు కేటాయించారు. అందులో నేరుగా మానసిక ఆరోగ్యానికి వెళ్లింది దాదాపు 1,004 కోట్లు. ఆ 1,004లో 850 కోట్లు బెంగుళూరు నిమ్హాన్స్‌కి, 64 కోట్లు తేజ్‌పూర్‌లోని సంస్థకి. అవి పెద్ద సంస్థలే, డాక్టర్లను తయారు చేస్తున్నాయి, కాదనను. మిగిలిన 90 కోట్లు టెలిమానస్ ఫోన్ సేవకు. అంతకు ముందు ఏడాది దానికే 134 కోట్లిచ్చారు! 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు ప్రతి ఇంట్లోనూ గోడ మీద రాసి పెట్టుకోదగినదే. కానీ హాస్టల్లో సెల్లు చేతిలో లేని పిల్ల ఎక్కణ్ణించి చేస్తుంది?

బడుల కోసం 2020లో ఇంకో పథకం వచ్చింది. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి 'ఆరోగ్య రాయబారులు'గా తయారు చేస్తారు. పేరు ఘనంగానే ఉంది. వాళ్లు నేర్పాల్సిన 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. పాఠాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో హాజరు, మధ్యలో ఎన్నికల డ్యూటీ... వీటన్నిటి మధ్యా ఓ పిల్లను పక్కన కూచోబెట్టుకుని 'ఏమైందమ్మా?' అని అడిగే తీరిక ఆ టీచరమ్మకు ఎప్పుడు దొరకాలి?

అసలు కిటుకంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. వినడం, ఊరడించడం ఆడవాళ్లు ఉట్టినే చేసే పని అని అందరికీ ఓ నమ్మకం. ఇంట్లో అమ్మ, బడిలో టీచరమ్మ, హాస్టల్లో వార్డెనమ్మ. ఉట్టినే దొరికేదానికి బడ్జెట్‌లో పద్దెందుకు? పిల్ల కుంగిపోతే మాత్రం 'తల్లి ఏం చేస్తోంది?' అని మొదటి ప్రశ్న మనకే.

ఇంటి పద్దులా ఓ లెక్క వేసి చూద్దాం. నెలకు 30 వేల జీతమనుకుంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు. అయిదు వందల మంది పిల్లలున్న హైస్కూల్లో తలా ఏడాదికి 720 రూపాయలు, అంటే నెలకు అరవై. నలభైమంది ఉన్న పల్లెటూరి బడికి ఒక మనిషిని వేయలేరు, నిజమే. అలాంటిచోట స్కూల్ కాంప్లెక్స్‌కి ఒకరిని వేసి, ఫలానా వారం ఫలానా బడి అని తిప్పొచ్చు. అయితే వేసేది శాశ్వత పోస్టులోనే వేయాలి. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో కాంట్రాక్టు మీద చేస్తున్న టీచర్లు రెగ్యులర్ చేయమని ఎన్నిసార్లు రోడ్డెక్కారో చూశాం. ఏటా రెన్యువల్ భయంతో ఉన్న కౌన్సెలర్‌ని నమ్మి, పిల్ల తన గుట్టు విప్పిందనుకోండి, మరుసటి ఏడు అక్కడ కొత్త మొహం కనిపిస్తే ఇంక నోరు విప్పుతుందా?

తెలంగాణలో 2024లో పొదుపు సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మరుగుదొడ్లు, మంచినీళ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు వాళ్ల చేతిలో పెట్టారు. ఆ జాబితాలో కౌన్సెలర్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మెగా పేరెంట్స్ మీటింగులు పెట్టి తల్లుల్ని బడికి పిలుస్తున్నారు. ఈసారి వెళ్లినప్పుడు మార్కుల సంగతి తరువాత, మన బడికి కౌన్సెలర్ పోస్టు మంజూరైందా, జీతం ఎక్కణ్ణించి వస్తుందని హెడ్మాస్టరు గారిని అడగండి. ఆయన దగ్గర జవాబుండదు. కాబట్టి ఆ ప్రశ్నను మీటింగు మినిట్సులో రాయించి, ఎం.ఈ.ఓ. ఆఫీసుకు పంపించమనండి.