అమ్మకమా, పాఠమా?

చీటీ పాడిన డబ్బుతో ఎంబ్రాయిడరీ దారాలు తెప్పించి పేరంటాల్లో అమ్మనా, ఇంట్లో కుట్టు నేర్పనా అని ఒక సోదరి వ్రాశారు. నేను నేర్పమనే అంటాను. పేరంటానికి వచ్చినవాళ్ళు మొహమాటానికి రెండు లడీలు కొంటారు; మూడోసారి పిలిస్తే తలనొప్పంటారు. ఎరుపూ, ఆకుపచ్చా చెల్లిపోయి, ఎవరూ అడగని రంగులన్నీ మీ బీరువాలో మిగులుతాయి, చీటీ డబ్బుతో సహా. (మీవారి సణుగుడు సంగతి నేనెత్తను!)

నేర్పడానికి ఓపిక కావాలి, నిజమే. సామాన్యంగా లడికి 8 మీటర్ల దారం, 6 పోగులు. అందులో 2 పోగులు చిక్కుపడకుండా విడదీయడం చెప్పేసరికే ఒక పూట గడుస్తుంది. కాని కాడకుట్టు, గొలుసుకుట్టు చేతికి వచ్చిన పిల్ల దారం తానే అడుగుతుంది. అప్పుడు అమ్మండి, అడిగిన రంగే తెప్పించి. ఫీజు మాత్రం నెల మొదట్లోనే పుచ్చుకోండి, చుట్టాల పిల్లల దగ్గర కూడా.