గృహిణీ విషయములు: ఇంటి దీపము, ఊరి తీగ

నరసన్నపేటలో నేడు ఏ యింటనైనను సంధ్యవేళ దీపముతోపాటు పంకా, నీటి మోటారు, మిక్సీ, ఏసీ మేల్కొనును. బుడ్డిదీపముతో కాలము గడపిన పెద్దమ్మల యిండ్లలోనే యిప్పుడు విద్యుత్తు లేనిచో కుళాయికి నీరు రాదు, పిండి నలుగదు. కావున విద్యుత్తు సంగతి పురుషుల ముచ్చటయని మన సోదరీమణులు విడువరాదు.

విద్యుత్తును గాదెలోని ధాన్యమువలె తీగలలో నిలువచేయ వీలుకాదు. మన మెంత వాడుదుమో అంతయు ఆ క్షణముననే పుట్టవలెను. 1955లో పని కారంభించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము, పరవాడ చెంతనున్న సింహాద్రి బొగ్గు కేంద్రము మొదలగున వన్నియు ఒకే వలగా కూడి మన యిండ్లకు వెలుగు నిచ్చుచున్నవి.

వాడుక పెరిగినచో మఱికొన్ని బొగ్గు కేంద్రములు కట్టిన చాలుననుట సులభము. దాని వెల మన జిల్లా యెఱుగును. 2010లో సోంపేటయందును, 2011లో కాకరాపల్లియందును అట్టి కేంద్రములు వలదని యెదిరించిన జనులపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణములు పోయినవి. ఎండనుండియు గాలినుండియు వచ్చు విద్యుత్తును మనము కోరుటకు ఇంతకన్న కారణ మేల?

అయితే ఎండ పగలే యుండును. మన వాడుక సాయంకాలమున హెచ్చును. పగటి మిగులును రాత్రికి దాచు బ్యాటరీలు ఇంకను చాలినన్ని లేవు. అందుచేత నీళ్ళ ట్యాంకు నింపుట, బట్టలుతుకు యంత్రము నడపుట, ఇస్త్రీ, పిండి రుబ్బుట మధ్యాహ్నమున ముగించుకొనుట మేలు. ఉద్యోగమునకు పోవు సోదరి కిది సాధ్యము కాకపోవచ్చును. ఇంట నుండువారైనను చేయుదురుగాక.

డాబాపై సౌరఫలకములు పెట్టుకొనువారికి, 2024లో కేంద్రప్రభుత్వ మారంభించిన సూర్యఘర్ పథకమున 78,000 రూపాయల వరకు సహాయము నిర్ణయింపబడినది. ఒక కిలోవాటు ఫలకములు మంచి యెండలో దినమునకు సుమారు 4 యూనిట్ల నిచ్చును. కాని బ్యాటరీ లేని ఫలకములు ఊరి లైను పోయినచో తామును ఆగిపోవును. తీగపై పనిచేయువారికి దెబ్బ తగులకుండుటకే ఆ యేర్పాటు. కనుక ఎవరి డాబా వారికున్నను, ఊరి తీగ అందఱిది.

ఆ తీగ యెంత బలహీనమో 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపాను చూపినది. వేలకొలది స్తంభములు కూలెను. పెక్కు గ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను. మంచినీటి పంపులు నిలిచెను. అప్పుడు బిందె పట్టుకొని దూరము నడచినవారు స్త్రీలే. 2014 హుద్‌హుద్ తరువాత విశాఖపట్టణమున కొన్ని భాగములందు తీగలను భూమిలో వేసిరి. అది వ్యయముతో కూడిన పని. ఊరూర నొక్కసారిగా జరుగదు. ఆసుపత్రికిని నీటి పంపుకును పోవు లైన్లనైనను మొదట భద్రపఱుపుడని గ్రామసభలలో స్త్రీలు లేచి యడుగవలెనని మేము కోరుచున్నాము. నెలబిల్లు చెల్లించుటతో మన పని తీరలేదు.