ఆడబిడ్డకు చక్రాల కుర్చీ, ఆటస్థలం



మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళలో పోలియో వల్లనో, చెట్టు మీదనుంచో మిద్దె మీదనుంచో పడి వెన్నెముక దెబ్బతిన్నందువల్లనో నడవలేని ఆడబిడ్డలున్న కుటుంబాలు మనకు తెలుసు. మగపిల్లవాడైతే మూడు చక్రాల బండి ఇప్పించి బజారుకైనా పంపుతారు. ఆడపిల్లను మాత్రం లోపలి గదిలో ఉంచి, వేళకు అన్నం పెట్టి, ప్రార్థన చేయిస్తారు. అది ప్రేమే, కాదనము. అయితే ఆ ప్రేమ బిడ్డ ఒంటికి చేటు చేస్తున్నదని మా అభిప్రాయం.

ఖమ్మం జిల్లా సత్తుపల్లికి చెందిన మాధవీలత గారి సంగతి చూడండి. ఏడు నెలల పసికందుగా ఉన్నప్పుడు పోలియో సోకింది. చదువుకుని బ్యాంకు ఉద్యోగంలో చేరి, తరువాత చెన్నైలో స్థిరపడ్డారు. ఏళ్ళ తరబడి ఒకే తీరున కూర్చోవడంతో వెన్నెముక ఒరిగి ఊపిరితిత్తులను నొక్కసాగింది. ఏడాదికి మించి బతకడం కష్టమన్నారు వైద్యులు. ఫిజియోథెరపీలో భాగంగా నీళ్ళలో దిగిన ఆమె ఈత నేర్చుకుని, 2011లో జాతీయ పారా ఈత పోటీల్లో బంగారు పతకాలు గెలిచారు. అంతటితో ఊరుకోలేదు. 2014లో భారత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడినప్పుడు దాని అధ్యక్షురాలై, తనలాంటి వారి కోసం దేశమంతటా శిబిరాలకు దారి తీశారు.

ఆ శిబిరాల దారిన వచ్చినవారిలో కాశ్మీరులోని బారాముల్లాకు చెందిన ఇష్రత్ అఖ్తర్ ఒకరు. 2016లో ఇంటి పైఅంతస్తు నుంచి పడి నడక పోగొట్టుకున్న ఆ అమ్మాయి, 2019లో థాయిలాండులో భారత మహిళల జట్టులో ఆడింది. మంచం మీదనుంచి దేశం జట్టులోకి మూడేళ్ళు!

ఈ ఆట నియమం ఒకటి మాకెంతో నచ్చింది. బుట్ట ఎత్తు అందరికీ ఉన్నట్టే పది అడుగులు, అందులో రాయితీ లేదు. కాని శరీరంలో మిగిలిన శక్తినిబట్టి ఒక్కొక్కరికి 1 నుంచి 4.5 వరకు పాయింట్లు ఇస్తారు. ఆడే ఐదుగురి పాయింట్లు కలిపి 14 దాటకూడదు. కాబట్టి బలమైనవారినే ఏరుకుంటే జట్టు కుదరదు. నడుము నిలవని అమ్మాయి కూడా జట్టుకు కావాలి, ఆమె లేనిదే ఆట జరగదు. మన సంఘాల్లో అలాంటి నియమం ఏదైనా ఉందా?

మీ బిడ్డ దేశం తరఫున ఆడాలని మేము అనడం లేదు. కుర్చీ తోసేవారికి భుజాలు గట్టిపడతాయి, ఊపిరి నిండుగా ఆడుతుంది, దిగులు తగ్గుతుంది. పడుకునే ఉన్నా, కదలక కూర్చున్నా పుండ్లు పడతాయి. వెన్నెముక దెబ్బతిన్నవారికి స్పర్శ ఉండదు కాబట్టి పుండు లోతుకు వెళ్ళేదాకా తెలియదు. కుర్చీలో ఉన్నవారు అరగంటకొకసారైనా చేతులమీద ఒళ్ళు పైకెత్తాలి, రోజూ అద్దంలో పిరుదులు చూసుకోవాలి. పోలియో వచ్చినవారు అలసట మితిమీరకుండా చూసుకోవాలి. ఆట మొదలుపెట్టే ముందు డాక్టరును, ఫిజియోథెరపిస్టును తప్పక అడగండి.

వేలూరు సి.ఎం.సి. ఎరుగని కుటుంబం మన ప్రాంతంలో అరుదు. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్ గారికి 1954లో కారు ప్రమాదంలో నడుము కిందిభాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో ఆమె నాయకత్వంలోనే అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. కుప్పంలో రైలెక్కితే కాట్పాడి ఎంతో దూరం కాదు.

ఇక మన ఆలయాల మాట. పక్షవాయువు గలవానిని ప్రభువు దగ్గరకు చేర్చడానికి ఆ నలుగురు ఇంటి కప్పునే విప్పారని ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్నాం. మనమైతే వాకిట ఉన్న మూడు మెట్ల సంగతే చూడలేదు. అన్నలో మామలో ఎత్తుకుని లోపలికి తేవలసి వస్తుందని సిగ్గుపడి ఎదిగిన ఆడపిల్లలు ఆరాధనకే రావడం మానుకుంటున్నారు.

వచ్చే ఆదివారం మీ గుడి మెట్లెత్తు కొలిచి, సంఘ కమిటీలో మాట్లాడండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు కట్టాలని మేస్త్రీకి చెప్పండి.