చేపలకు పెళ్ళిచూపులు

మొన్న మా పెదనాన్నగారి మునిమనవరాలి ఓణీల పండగలో వడ్డన జరుగుతూండగా, మా బాబాయిగారి కోడలు నలుగురూ వినేట్టు అడిగింది.

"ఏం వదినా, నువ్వు సముద్రంలో మునుగుతున్నావటగా! కార్తీకమాసం ఇంకా రాలేదే?"

పంక్తి పంక్తంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే కోపమొచ్చిందనుకుంటారు. కోపమొస్తే, "రచయిత్రి గదా, ఆ మాత్రం పొగరుంటుందిలే" అంటారు. అందుకని అప్పుడు నవ్వేసి, ఇప్పుడు తీరిగ్గా ఇంటికొచ్చి పోట్లాట ఇలా కాగితం మీద పెట్టుకుంటున్నాను.

సంగతేమిటంటే, నలభై మూడో ఏట నేను స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. చదివింది బి.ఏ. అందులోనూ చరిత్ర, తెలుగు. సైన్సుకీ నాకూ ఆమడ దూరం. రాసేది నవలలు. అలాంటిదాన్ని వీపుకి సిలిండరు కట్టుకుని అండమాన్లో సముద్రంలోకి దిగాను.

అసలు ఈత నాకు కొత్త కాదు. మాది కోనసీమ. ఇంటి వెనకే కాలవ. పదేళ్ళొచ్చేసరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గజ ఈత కొట్టేదాన్ని. ఓణీ వేసిన రోజుతో అది ఆఖరు. "ఇంకా కాలవేమిటే, పెద్దదానివయ్యావు" అంది మా బామ్మ. మా అన్నయ్యలు మాత్రం ఆ సాయంత్రం కూడా వంతెన మీంచి దూకారు. వాళ్ళు పెద్దవాళ్ళెప్పుడయ్యారో ఎవరూ నోట్ చేసుకోలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత నీళ్ళు నన్ను మళ్ళీ పిలిస్తే వెళ్ళాను. అంతే. ఇందులో నవ్వడానికేముంది చెప్పండి?

ఆ సిలిండర్లో ఆక్సిజన్ ఉంటుందనుకునేదాన్ని. కాదుట. మామూలు గాలేనట, కుక్కి కుక్కి పెడతారు. ప్రతి పది మీటర్ల లోతుకీ మన మీద మరో వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. చెవులు దిబ్బడేస్తాయి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదుకుంటే సర్దుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. బిగబట్టి పైకి లేస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చీలతాయి. మా శిక్షకుడు ఈ మాట పదిసార్లు చెప్పాడు. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. నాయనా, ఇరవై ఏళ్ళ సంసారంలో మేం బాగా నేర్చుకున్నది ఊపిరి బిగబట్టడమే గదా!

సరే, అసలు పోట్లాటకొస్తాను.

"దానివల్ల ప్రయోజనమేమిటి?" అని అడుగుతారందరూ. మా వారు ఇరవై ఏళ్ళుగా ఆదివారం ఆదివారం పేకాడుతున్నారు. ప్రయోజనమేమిటని ఇంతవరకూ ఎవరైనా అడిగారా? మా మరిదిగారు రాత్రంతా మేలుకుని క్రికెట్ చూస్తారు. "పాపం, అలసిపోయాడు" అని పొద్దున్నే రెండోసారి కాఫీ ఇస్తారు. అదే ఆడదాని సరదా అయితే చివరికి తినడానికో, కట్టుకోవడానికో, గోడకి తగిలించడానికో పనికి రావాలి. వడియాలు పెడితే సరదా. జాకెట్టుకి అద్దాలు కుడితే సరదా. ఉత్తినే నీళ్ళలో వేలాడుతూ చేపల్ని చూసి రావడం మాత్రం పిచ్చి!

నీళ్ళకీ ఆడవాళ్ళకీ పడదని ఎవరన్నారో నాకు తెలీదు. కొరియా దేశంలో జెజు అనే ద్వీపముంది. అక్కడ డెబ్భై ఏళ్ళు దాటిన అమ్మమ్మలు సిలిండరూ గిలిండరూ లేకుండా, ఒక్క ఊపిరితో మునిగి నత్తలూ సముద్రపు నాచూ ఏరుకొస్తారు. 2016లో యునెస్కో వారి విద్యను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. అంత దూరం ఎందుకు, మన పక్కనే తమిళనాడులో, పాంబన్ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు సముద్రంలో మునిగి నాచు కోసి బతుకుతున్నారు. వాళ్ళని ఎవరూ కార్తీకస్నానమా అని అడగరు. పొట్టకూటికైతే ఆడది ఎంత లోతుకైనా దిగొచ్చు. సంతోషానికి దిగితేనే అందరికీ ఊపిరాడదు!

సరదాగా దిగిన వాళ్ళకీ తిప్పలు తప్పలేదనుకోండి. ఇప్పుడు మేం వాడే ఊపిరి గొట్టానికి మూలమైన సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు కలిసి తయారుచేశారు. తర్వాత కొద్ది ఏళ్ళకి వియన్నాలో లోటె అనే అమ్మాయి, సముద్ర పరిశోధకుడు హాన్స్ హాస్ దగ్గర సెక్రటరీగా చేరింది. ఆడవాళ్ళను యాత్రకు తీసుకెళ్ళడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆయన కెమెరాతోనే నీటిలో ఫోటోలు తీసి, తనేమిటో చూపించింది ఆ పిల్ల. 1950లో ఎర్రసముద్రానికి వెళ్ళనే వెళ్ళింది. 1970లో సిల్వియా ఎర్ల్ అనే శాస్త్రజ్ఞురాలు నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, వర్జిన్ దీవుల దగ్గర సముద్రం అడుగున కట్టిన ఇంట్లో రెండు వారాలు కాపరముండి పరిశోధన చేసింది. అయినా పత్రికలు వాళ్ళకి ముద్దుపేర్లు పెట్టి మురిసిపోయాయి గానీ, మగ శాస్త్రజ్ఞులకిచ్చే మర్యాద ఇవ్వలేదు.

ఇంతవరకూ చదివి "భేష్" అనుకుంటున్నారు గదూ? కాస్త ఆగండి. ఇప్పుడు నా తప్పు నేనే చెప్పుకోవాలి.

మొదటిసారి వెళ్ళొచ్చాక అందరూ అడిగింది ఒకటే. "ఫోటో ఏదీ?" ఏం చూశావని గానీ, ఎలా ఉందని గానీ ఒక్కరూ అడగలేదు. ఫోటో లేకపోతే నేను వెళ్ళినట్టే కాదన్నమాట. రెండో ఏడు నేనూ ఒక కెమెరా, దానికో నీళ్ళు చొరని పెట్టె కొన్నాను. ఇదుగో, నా సరదాకీ ఒక ప్రయోజనముంది, గోడకి తగిలించుకోండి అని చూపించడానికి. చూశారా, ఎవరి ప్రశ్నకి జవాబుగా కొన్నానో!

నీటిలో ఫోటో తీయడం ఒడ్డున తీసినట్టు కాదు. నీరు రంగుల్ని మింగేస్తుంది. మొట్టమొదట పోయేది ఎరుపు. ఐదారు మీటర్లు దిగేసరికే ఎర్రటి చేప బూడిదరంగులోకి మారిపోతుంది. రంగు మళ్ళీ రావాలంటే ఫ్లాష్ కావాలి. ఆ వెలుగేమో నీటిలో ఎంతో దూరం పోదు. దూరం నుంచి తీస్తే మధ్యలో తేలే నలుసులన్నీ మెరిసి, బొమ్మ మీద ఉప్పు చల్లినట్టుంటుంది. అందుకని దగ్గరికి, ఇంకా దగ్గరికి, చేయి చాపితే అందేంత దగ్గరికి జరగాలి. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

హేవ్‌లాక్ ద్వీపానికి 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మార్చారు. అక్కడ పన్నెండు మీటర్ల లోతులో, నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేప ఒకటి కనిపించింది. వాటి ఇల్లు ఒక వింత. వాటికి పుట్టుకతో మగతనమే. ఇంట్లో అన్నిటికన్నా పెద్దది ఆడదై ఇల్లు ఏలుతుంది. ఆవిడ పోతే మొగుడే ఆడదై ఆ స్థానంలోకి వస్తాడు! నేను చూసింది ఆ ఇంటి యజమానురాలినే అయ్యుంటుంది. నన్ను చూసి వెనక్కి తగ్గలేదు సరిగదా, అంగుళాల శరీరంతో నా అద్దాల మీదికే దూకింది. ముచ్చటేసింది. ఒక్క ఫోటో, ఒకే ఒక్కటి, అనుకుంటూ ముందుకి వంగి మోచెయ్యి ఆనించాను.

పటుక్కుమంది. నీటిలో చప్పుడు బాగా వినిపిస్తుంది.

కొమ్ములు కొమ్ములుగా ఎదిగే పగడం అది. నా చూపుడువేలంత ముక్క విరిగి ఇసుకలో పడింది. పగడమంటే ఉంగరంలో పెట్టుకునే రాయి కాదని అక్కడికెళ్ళాకే తెలిసింది నాకు. వేల చిన్న చిన్న జీవులు పక్కపక్కనే ఇళ్ళు కట్టుకుని ఉండే అగ్రహారం అది. కొమ్ము పగడాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి. బండల్లా ఉండేవైతే సెంటీమీటరో, అటూ ఇటూనో. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద పెద్దపులికి ఉన్న రక్షణే 2001 నుంచి వీటికీ ఉంది. ఆ చట్టం మాట అటుంచి, ఒకరింటికి చుట్టపుచూపుగా వెళ్ళి గోడ కూలగొట్టి వచ్చాను నేను.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మా హాల్లో తగిలించాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఎడమవైపు కింది మూలన తెల్లగా, పచ్చిగా విరిగిన మొదలు కనబడుతూనే ఉంది. ఒక్కరికీ కంటబడలేదు. నాకు మాత్రం ఆ తర్వాత ఆ తెల్లచుక్క తప్ప ఇంకేమీ కనబడటం మానేసింది. మూడు నెలలకి తీసి బీరువాలో పెట్టేశాను.

నా ఒక్కదాని సంగతైతే చెంపలేసుకుని ఊరుకునేదాన్ని. తర్వాత కళ్ళు తెరుచుకుని చూస్తే ఇది ఊరూరా ఉన్న భాగోతం. కలుగులో దాక్కున్న ఆక్టోపస్‌ని పుల్లతో పొడిచి బయటికి లాగుతారు. పఫర్ చేపని చేత్తో పట్టి భయపెడతారు, అది నీళ్ళు మింగి బంతిలా ఉబ్బితే ఫోటో బాగుంటుందని. సముద్రగుర్రం సిగ్గుతో అటు తిరిగితే ఇటు తిప్పుతారు. తాబేలు గాలి కోసం పైకి పోతూంటే దారికడ్డంగా నలుగురు నిలబడతారు.

ఇదంతా మనకి తెలిసిన తంతే కదండీ! "తల కాస్త ఎత్తమ్మా. ఇటు తిరుగమ్మా. నాలుగడుగులు నడువమ్మా." ఉప్మా పళ్ళెం పట్టుకుని ఆ చాప మీద కూర్చున్నవాళ్ళం కామూ మనం? నీకిష్టమేనా అని మనల్ని ఎవరడిగారు గనక! అలా చూడబడటం ఎలా ఉంటుందో ఒళ్ళంతా తెలిసిన మనం, పద్దెనిమిది మీటర్లు దిగి, పెళ్ళివారి వేషం కడతామా?

దీనికి వాళ్ళు చెప్పే జవాబులు రెండు. ఒకటి, ఫోటోలే లేకపోతే సముద్రం మీద జనానికి ప్రేమెలా పుడుతుందని. నిజమే. నేను కాదనను. తాబేలు మొహం మీది పొలుసుల వరసని ఫోటోలో పోల్చి, ఏది ఏ తాబేలో గుర్తుపట్టే శాస్త్రజ్ఞులున్నారు. కానీ పుల్లతో పొడిచి తీసిన ఫోటో నేర్పేది ప్రేమ కాదు, పొడవడం. దాన్ని చూసి మురిసినవాడు తనకీ అలాంటిదే కావాలని గైడుకి పై డబ్బులిస్తాడు.

రెండోది, సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారి చస్తూంటే, నీ మోచెయ్యి ఏపాటిదమ్మా అని. అదీ నిజమే. 2010లో అండమాన్ పగడాలు ఆ వేడికి ఘోరంగా దెబ్బతిన్నాయి. 2024లో ప్రపంచమంతటా మళ్ళీ అదే గతి అని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇల్లు కాలి ఒకడేడుస్తూంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ రెండోవాడి వాదన ఇది. వేడిని నేనొక్కదాన్నీ ఆపలేను. నా మోచెయ్యి నేను ఆపుకోగలను గదా!

కెమెరా సముద్రంలో పారెయ్యమనను. పారేస్తే అదో చెత్త. నేను కోరేది చాలా చిన్నది. మొదటిసారి దిగేవాళ్ళ చేతికి కెమెరా ఇవ్వడం మానండి. నీటిలో చేతులాడించకుండా, దేన్నీ పట్టుకోకుండా, ఐదు నిమిషాలు ఉన్నచోట ఉండటం వచ్చాకే ఇవ్వండి. అందని ఫోటోని వదిలేసి రావడం నేర్పండి. ఇక ఒడ్డున కూర్చున్న మనం, చేతిలో చేప, కాలికింద పగడం కనిపించే ఫోటో ఎవరైనా చూపిస్తే "అబ్బ, ఎంత బాగుందో" అనడం మానదాం. ఆ మెప్పు కోసమే గదా ఇదంతా! నా మోచెయ్యి వంగిందీ దానికోసమే.

ఆ పండగనాడు పంక్తిలో నా పక్కనే కూర్చుంది ఓణీ వేసుకున్న మా మేనకోడలు. పన్నెండేళ్ళు. పెద్దవాళ్ళ నవ్వులయ్యాక మెల్లగా నా మోచేతి మీద తట్టింది.

"అత్తా, అక్కడ చేపలు మనల్ని చూస్తాయా?"

"చూస్తాయి. కదలకుండా ఉంటే దగ్గరికొచ్చి మరీ చూస్తాయి."

"నాకూ నేర్పిస్తారా?"

"పదేళ్ళు నిండితే నేర్పిస్తారు. మన విశాఖ ఋషికొండలోనే ఉంది."

"ముందు అన్నం తినవే, పట్టుచీర నలిగిపోతోంది" అంది వాళ్ళమ్మ. ఆ పిల్ల తల వంచుకుని పప్పు కలుపుకుంది. నాకు మా కాలవ గుర్తొచ్చింది.

అమ్మా, వదినా, మీ అందరికీ దణ్ణం పెట్టి చెబుతున్నాను. పిల్లని పంపండి. తిరిగొచ్చాక మాత్రం దాన్ని ఫోటో ఏదీ అని అడక్కండి. ఏం చూశావే అని అడగండి.