పరాయి సిస్టమ్ జోలికి వెళ్లకండి

హ్యాకింగ్ నేర్చుకుంటున్న ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ, వాళ్ల ఇంట్లోని పెద్దలకీ ఈ హెచ్చరిక. మీది కాని కంప్యూటర్‌లోకి, మీది కాని వైఫైలోకి, మీది కాని ఖాతాలోకి సొంతదారు అనుమతి లేకుండా వెళ్లకండి. సరదాకే చూశానన్నా, లోపం చెబుదామనే వెళ్లానన్నా, ఏమీ పాడుచేయలేదన్నా, ఇంటి ముందు పోలీసు జీపు ఆగాక ఆ మాటలు ఆదుకోవు. అవి నిజమేనని కోర్టులో తేలేలోపు చదువు సగంలో ఆగిపోతుంది.

ఈ మోజును నేను తప్పుపట్టడం లేదు. ఆ రాత్రుళ్లు ఎలా ఉంటాయో ఆ దారిలో నడిచినవాళ్లకు తెలుసు. ఇంట్లో అందరూ పడుకున్నాక లాప్‌టాప్ తెరుస్తారు. వర్చువల్‌బాక్స్‌లో కాలి లైనక్స్ నడుస్తుంటుంది. తమ ఫోను నుంచి బయటికి పోతున్న ప్యాకెట్లను వైర్‌షార్క్‌లో ఒక్కొక్కటీ విప్పి చూస్తారు. బర్ప్ సూట్‌తో ఒక రిక్వెస్ట్‌ను మధ్యలో ఆపి, అందులో ఒక్క అంకె మార్చి పంపి, సర్వర్ ఏమంటుందా అని కళ్లప్పగించి కూర్చుంటారు. రాత్రుళ్ల తరబడి లొంగని మెషీన్ ఒక తెల్లవారుజామున లొంగితే కలిగే సంతోషం, పరీక్షలో ఫస్ట్ క్లాసు వచ్చినా కలగదు. పగలు క్లాసులో నిద్ర, హాజరు తక్కువ, ఇంట్లో తిట్లు. అయినా మానరు. లోపల ఏం జరుగుతోందో తెలుసుకునేదాకా వదలని ఆ పట్టుదల ఉన్నవాళ్లే రేపు మన బ్యాంకులనూ ఆసుపత్రులనూ కాపాడేది. వాళ్లను పోగొట్టుకోకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గీత దాటడం దగ్గర్లో ఉన్నదాంతోనే మొదలవుతుంది. కాలేజీ ఫలితాల పేజీలో, పైన అడ్రస్ బార్‌లో కనిపించే నంబరు మారిస్తే పక్కవాడి మార్కులు వచ్చేస్తాయి. అక్కడే ఆగి, మాస్టారితో చెబితే మేలు. చేతులు ఊరుకోవు. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి అన్ని నంబర్లూ తిప్పితే బ్యాచ్ మొత్తం ఫొటోలు, ఫోన్ నంబర్లు, తల్లిదండ్రుల పేర్లు ఒక ఫైల్లోకి వచ్చి పడతాయి. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి మెప్పు పొందాలనిపిస్తుంది. పెట్టాక అది ఎవరి చేతికి పోతుందో, ఏ లోన్ యాప్ వాడు ఏ తల్లికి ఫోన్ చేసి బెదిరిస్తాడో, ఇక మీ అదుపులో ఉండదు.

చట్టం ఏమంటోందో తెలుసుకోండి. ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడమే నష్టపరిహారం కట్టవలసిన తప్పు. అదే పని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీ ఉద్దేశం ఏమిటన్నది మీ నోటి మాట ఒక్కదానితో తేలదు. మీ లాప్‌టాప్‌లో దొరికిన ఫైళ్లు, మీరు పంపిన మెసేజ్‌లు కూడా సాక్ష్యం చెబుతాయి. 70వ సెక్షన్ ఇంకా కఠినం. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్లలోకి వెళ్లడానికి ప్రయత్నించినా చాలు, పదేళ్ల వరకు జైలు. ఆధార్ డేటా నిలయం అలాంటిదే. ఐసీఐసీఐ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుల కీలక వ్యవస్థలనూ, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థలనూ 2022లో ఈ కోవలో చేర్చారు. ‘యూపీఐలో ఏదైనా బగ్ దొరుకుతుందేమో’ అని స్కానర్ తిప్పబోయే పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

స్నేహితుల రూపంలోనూ ప్రమాదం వస్తుంది. హ్యాకింగ్ వచ్చని హాస్టల్లో తెలిసిందంటే చాలు, ‘మామా, ఆ అమ్మాయి ఇన్‌స్టా ఓపెన్ చేసి పెట్టవా?’ అని ఎవడో ఒకడు అడుగుతాడు. మొహమాటానికి పోయి చేయకండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. ఒక స్త్రీ ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం వెంటాడటమే. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష. ఆ అమ్మాయి అనుభవించే భయానికి ఏ సెక్షనూ చాలదు. పోలీసులు పిలిచినప్పుడు ముందుగా మీ పేరు చెప్పేది ఆ అడిగినవాడే.

ఉచితంగా దొరికే పనిముట్ల విషయంలో మరీ జాగ్రత్త. టెలిగ్రామ్‌లోనూ గిట్‌హబ్‌లోనూ ‘ఫ్రీ ర్యాట్’, ‘క్రాక్డ్ టూల్’ అని పెట్టేవాళ్లు దానధర్మాలు చేయడానికి కూర్చోలేదు. ఎక్స్‌వార్మ్ అనే రిమోట్ యాక్సెస్ ట్రోజన్‌ను తయారుచేసుకునే బిల్డర్‌ను కొందరు అలాగే పంచారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఆశగా దించుకున్నారు. ఆ బిల్డర్‌లోనే ట్రోజన్ ఉంది. ఎవరి మీదో ప్రయోగిద్దామనుకున్నవాళ్ల బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, డిస్కార్డ్ టోకెన్లు, టెలిగ్రామ్ డేటా దాన్ని పంచినవాళ్ల చేతికి చేరాయి. ఇలా 18,459 యంత్రాలు వాళ్ల వశమయ్యాయని క్లౌడ్‌సెక్ సంస్థ 2025 జనవరిలో బయటపెట్టింది. ఎక్కువగా దెబ్బతిన్న దేశాల్లో మన దేశమూ ఉంది. ఆ లాప్‌టాప్‌లోనే నాన్న నెట్ బ్యాంకింగ్ చూసుకునే ఇళ్లు మనలో ఎన్నో.

అన్నిటికన్నా లోతైన గొయ్యి డబ్బు ఆశతో మొదలవుతుంది. మార్కస్ హచిన్స్ కథ ప్రతి హాస్టల్ గదిలోనూ తెలియాలి. ఇంగ్లండ్‌లోని డెవన్ తీరంలో ఇల్‌ఫ్రకూంబ్ అనే చిన్న ఊరి కుర్రాడు. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి, మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా మూతపడ్డాయి. ఆ కోడ్‌లో ఎవరూ రిజిస్టర్ చేయని ఒక డొమైన్ పేరు హచిన్స్ కంటపడింది. కొద్ది డాలర్లు పెట్టి దాన్ని తన పేరిట రిజిస్టర్ చేశాడు. ఆ డొమైన్ జవాబిస్తే ఆగిపోయేలా రాసిన వానాక్రై వ్యాప్తి నిలిచిపోయింది. అప్పటికి అతని వయసు 22. ప్రపంచం అతన్ని నెత్తిన పెట్టుకుంది. మూడు నెలలు తిరగకుండానే, ఆగస్టులో, లాస్ వేగాస్ విమానాశ్రయంలో ఎఫ్‌బీఐ అతన్ని అరెస్టు చేసింది.

కారణం పాతది. పదిహేను పదహారేళ్ల వయసులో అతను మాల్‌వేర్ రాసి పెట్టే పనిలో దిగాడు. అమ్మి పెట్టేవాడు మొహం తెలియని మనిషి. కానుక పంపుతానని చెప్పి పుట్టినరోజు, ఇంటి చిరునామా తీసుకున్నాడు. తర్వాత బ్యాంకు ఖాతాలు దోచే కోడ్ రాయమన్నాడు. హచిన్స్ కాదన్నప్పుడు, అతనెవరో ఎక్కడుంటాడో తనకు తెలుసన్నది ఎదుటివాడి చేతిలో ఆయుధమైంది. అలా తయారైందే క్రోనాస్ అనే మాల్‌వేర్. తర్వాత అతను ఆ దారి వదిలేశాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు, లక్షల కంప్యూటర్లను కాపాడాడు. అయినా గతం వదల్లేదు. 2019లో నేరం ఒప్పుకున్నాడు. మారిన మనిషని గుర్తించిన న్యాయమూర్తి అదనపు జైలు శిక్ష వేయలేదు. అప్పటికే రెండేళ్లు పరాయి దేశంలో, ఇంటికి వెళ్లే వీలు లేకుండా గడిచిపోయాయి. ప్రపంచాన్ని ఆదుకున్నవాడికే ఆ గతి పట్టింది. అలాంటి పుణ్యమేదీ లెక్కలో లేని మన పిల్లవాడి మాటేమిటి?

మన దగ్గర ఆ మొహం తెలియని మనిషి టెలిగ్రామ్‌లో ‘బ్రో’ అంటూ వస్తాడు. బ్యాంకు లాగిన్ పేజీ లాంటిది ఒకటి చేసిపెట్టమంటాడు. యాంటీవైరస్‌కు దొరక్కుండా ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు, మార్చి ఇమ్మంటాడు. డబ్బు యూఎస్‌డీటీ అనే క్రిప్టోలో ఇస్తానంటాడు. ఆ పేజీలో ఓటీపీ కొట్టేది ఎక్కడో పెన్షన్ మీద బతికే పెద్దాయన. కంప్యూటర్ తెలిస్తే చాలు, కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు చెప్పిన మాటలు నమ్మి విశాఖ ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లు ఏమయ్యారో 2024లో చూశాం. పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశస్థులనే మోసగించే పనిలో కూర్చోబెట్టారు.

అమెరికా వెళ్లాలన్న కోరిక లేని ఇంజినీరింగ్ విద్యార్థి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అరుదు. ఆ వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. ఆ గడిలో ‘అవును’ అని రాయాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

నేర్చుకోవడానికి దారులు మూసుకుపోలేదు. అభ్యాసం కోసమే లోపాలతో తయారుచేసిన డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్‌లను మీ మెషీన్‌లోనే పెట్టుకుని ఎంత పగలగొట్టినా అడిగేవాడు లేడు. ట్రైహ్యాక్‌మీ, హ్యాక్ ద బాక్స్ ఉన్నాయి. పోర్ట్‌స్విగర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ పూర్తిగా ఉచితం. నిజమైన వ్యవస్థల మీదే చేయాలనుంటే హ్యాకర్‌వన్, బగ్‌క్రౌడ్‌లో కంపెనీలు పెట్టిన బగ్ బౌంటీలు చూడండి. ఏ డొమైన్‌ను పరీక్షించవచ్చో వాళ్లు రాసిపెడతారు, ఆ హద్దు దాటకండి. ప్రభుత్వ సైటులో లోపం కంటపడితే ఇంకా లోపలికి వెళ్లకుండా, కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు రాయండి.

ప్రిన్సిపాళ్లకు, యాజమాన్యాలకు ఒక మాట. లోపం చెప్పడానికి వచ్చిన విద్యార్థిని దొంగలా చూడకండి. ఎవరికి చెప్పాలో, ఎంతవరకు పరీక్షించవచ్చో రాతపూర్వకంగా ప్రకటించండి. పాత కంప్యూటర్లు నాలుగు వాళ్లకు వదిలి ల్యాబ్ కట్టుకోనివ్వండి. తల్లిదండ్రులు లాప్‌టాప్ లాక్కుంటే పిల్లవాడు మొబైల్‌కు మారతాడు, అంతే. దానికి బదులు పక్కన కూర్చుని ఈ సిస్టమ్ ఎవరిది, ఎవరు అనుమతి ఇచ్చారు అని అడగండి. సంపాదన లేని కొడుకు ఖాతాలో డబ్బు పడుతుంటే ఆ డబ్బు ఎక్కడిదో తప్పక అడగండి.

ఇప్పటికే ఎవరికో చిక్కిన పిల్లలు ఈ మాట చదువుతుంటే, భయపడి ఇంకో పని చేసిపెట్టకండి. బెదిరించినవాడికి ఒకసారి లొంగితే మళ్లీ అడుగుతాడు. చాట్లు, ఫైళ్లు చెరిపేయకండి, చెరిపితే ఇంకో తప్పవుతుంది. ఈ రాత్రే అమ్మకో నాన్నకో చెప్పండి, న్యాయవాదిని కలవండి. ఎవరి డబ్బైనా పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేలా చూడండి. పరాయి సిస్టమ్ మీద మీరు నడుపుతున్నది ఏదైనా ఉంటే ఇప్పుడే ఆపేయండి.