సిపాయి చర్మం మీద శాస్త్రం

అబ్దుల్ కలాం గారి కాలిపర్ల కథ తెలియనివారు మన ఇళ్లలో తక్కువ. ఆయన హైదరాబాదులో క్షిపణుల పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరొకరు అక్కడికి వచ్చారు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారు. కలాం గారిని తన వార్డుకు వెంటబెట్టుకు వెళ్లి, 3 కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ పిల్లలు పరుగెత్తుతుంటే తల్లిదండ్రుల కళ్లు చెమర్చాయని కలాం గారే చెప్పుకునేవారు.

ఈ కథ పిల్లలకు చెప్పవలసిందే. అయితే సైన్యం కోసం జరిగే పరిశోధనకు ఇదొక్కటే ముఖమని అనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకున్నట్టే. అక్కడ పరిశోధనాశాల తలుపు తెరుచుకుంది, ఆస్పత్రి డాక్టరు లోపలికి రాగలిగాడు. తలుపులు బిగించుకున్న పరిశోధనాశాలల కథ వేరు. ఆ కథలో మన ఉపఖండం వాళ్లూ ఉన్నారు. వాళ్ల శరీరాల మీదే ఆ ప్రయోగాలు జరిగాయి.

ఇది మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలవుతుంది. 1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్ సైన్యం గాలివాలు చూసి 150 టన్నుల క్లోరిన్ వాయువును వదిలింది. ఎదుటి ఫ్రెంచి కందకాల్లో అల్జీరియా నుంచి తెచ్చిన దళాలు ఉన్నాయి. ఆ దాడిని దగ్గరుండి జరిపించినవాడు ఫ్రిట్జ్ హేబర్ అనే రసాయన శాస్త్రవేత్త. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీసే పద్ధతిని కనిపెట్టిన మనిషీ ఆయనే. ఇవాళ మన రైతు భుజాన మోసుకెళ్లే యూరియా బస్తా వెనుక ఉన్నది ఆ పద్ధతే. దానికే 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది. భార్య క్లారా కూడా రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందిన విదుషి. వాయుదాడి జరిగిన పది రోజులకు ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. అన్నం పెట్టిన చెయ్యే ఊపిరి తీసింది. అలాంటివాడిని ఏమనాలో ఆనాటి ప్రపంచానికీ తెలియలేదు.

నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, అదే నేల మీదికి లాహోర్ డివిజన్‌ను పంపారు. సరైన ముసుగులు లేవు. మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని ముందుకు నడిచిన సిపాయిల్లో జమాదార్ మీర్ దస్త్ అనే అఫ్రీదీ పఠాన్ ఒకరు. గుళ్ల వానలో ఎనిమిది మంది బ్రిటిష్, భారతీయ అధికార్లను సురక్షిత స్థలానికి చేర్చడంలో ఆయన చెయ్యి ఉంది. అందుకు విక్టోరియా క్రాస్ వచ్చింది. ఇంగ్లండులోని బ్రైటన్‌లో భారతీయ సైనికుల కోసం ఆస్పత్రిగా మార్చిన రాజభవనంలో ఐదో జార్జి చక్రవర్తి స్వయంగా ఆ పతకం తొడిగాడు. పతకం మెడలోకి వచ్చింది గాని ఆ వాయువు ఆయన ఆరోగ్యాన్ని వదల్లేదు.

యుద్ధంలో శత్రువు విషం వదిలాడంటే అర్థం చేసుకోవచ్చు. సొంత సర్కారే వదిలితే?

రెండు యుద్ధాల నడుమ, 1930ల తొలి సంవత్సరాల్లో, బ్రిటన్‌లోని పోర్టన్ డౌన్ రసాయన యుద్ధ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు రావల్పిండికి వచ్చి మకాం వేశారు. పదేళ్లకు పైగా అక్కడ ప్రయోగాలు జరిగాయి. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని వందలాది సిపాయిలను మస్టర్డ్ వాయువుకు గురిచేశారు. దాన్ని వాయువు అంటారు గాని అది నిజానికి నూనెలాంటి ద్రవం. తగిలిన వెంటనే నొప్పి ఉండదు. గంటలు గడిచాక ఒళ్లు ఎర్రబడుతుంది, ఆపైన బొబ్బలు లేస్తాయి, కళ్లు వాచి మూసుకుపోతాయి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ బాధ జన్మంతా ఉంటుంది. అది క్యాన్సర్‌కు దారితీస్తుందని తర్వాత రుజువైంది.

ఆ శాస్త్రవేత్తలు తెలుసుకోదలచినది ఏమిటో వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఇంగ్లీషువాడి చర్మం కంటే హిందుస్తానీ చర్మం ఈ విషానికి ఎక్కువ కాలుతుందా, తక్కువ కాలుతుందా అన్నది వారి ప్రశ్న. కొందరిని నిక్కరు, పలుచని నూలు చొక్కాతోనే వాయువు నింపిన గదుల్లోకి పంపారు. ఒక సిపాయి ముఖం మీది ముసుగు జారి కళ్లూ ముఖమూ తీవ్రంగా కాలాయి. బొబ్బలతో ఆస్పత్రి పాలైనవారు చాలామంది. ఆ తర్వాత వారికి ఏ జబ్బు వచ్చిందో, ఎన్నాళ్లు బతికారో ఎవరూ వెంట ఉండి చూడలేదు. ఈ సంగతులు బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ కాగితాల్లో పడి ఉండగా 2007లో ఒక ఇంగ్లీషు పత్రిక బయటపెట్టింది. అవి వేరే కాలపు పనులు, నేటి కొలతలతో చూడరాదని అక్కడి రక్షణ శాఖ సర్దిచెప్పుకుంది.

కాలం వేరే అనుకుందాం. మరి ఆ సిపాయిని ‘నీకిది ఇష్టమేనా’ అని అడిగారా? అడిగారనే అనుకుందాం. తెల్లదొర ఎదుట అటెన్షన్‌లో నిలబడ్డ పల్లెటూరి సిపాయి, నెల జీతం ఇంటికి పంపితేనే పొయ్యి వెలిగే సిపాయి, ‘నాకిష్టం లేదు సాబ్’ అనగలడా? హుకుం కింద ఇచ్చిన అంగీకారాన్ని అంగీకారం అనడానికి మాకు మనసొప్పడం లేదు. శరీరం మనిషి దగ్గరున్న అమానతు అని నమ్మేవాళ్లం. ఆ మనిషికే చెప్పకుండా దాన్ని కాల్చే హక్కు పైఅధికారికి ఎక్కడిది?

ఇది తెల్లవారికి, నల్లవారికి మధ్య గొడవ అనుకోవద్దు. 1947లో న్యూరెంబర్గ్‌లో ఒక అమెరికన్ న్యాయస్థానం నాజీ డాక్టర్లను విచారించి శిక్షించింది. జర్మన్ వాయుసేన పైలట్లను చలి నుంచి కాపాడే మార్గం వెతుకుతున్నామంటూ ఖైదీలను మంచునీళ్లలో ముంచి చంపారన్నది వారిమీది నేరాల్లో ఒకటి. మనిషి తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకుంటేనే అతని మీద ప్రయోగం చేయాలని ఆ తీర్పు మొట్టమొదటి సూత్రంగా పెట్టింది. సిరా ఆరి ఆరేళ్లు కాలేదు. 1953 మే 6న పోర్టన్ డౌన్‌లో రోనాల్డ్ మాడిసన్ అనే ఇరవై ఏళ్ల బ్రిటిష్ వాయుసేన ఉద్యోగి చేతికి కట్టిన గుడ్డ మీద 200 మిల్లీగ్రాముల సారిన్ వేశారు. కాసేపటికే అతను చనిపోయాడు. జలుబుకు మందు కనిపెట్టే పరిశోధన అని తమకు చెప్పారని అక్కడికి వెళ్లిన వాలంటీర్లు కొందరు తర్వాతి రోజుల్లో వాపోయారు. మాడిసన్ మరణ విచారణను మూసిన తలుపుల వెనుక జరిపి ప్రమాదమని తేల్చారు. అది చట్టవిరుద్ధంగా చంపడమేనని జ్యూరీ చెప్పడానికి 2004 దాకా, అంటే 51 ఏళ్లు పట్టింది. నాజీలకు తీర్పు చెప్పిన అమెరికా సంగతీ అంతే. రెండో యుద్ధకాలంలో తన సైనికులు సుమారు 60,000 మందిని ఇలాంటి ప్రయోగాల్లో వాడుకుంది. నోరు విప్పకూడదని వారిచేత ప్రమాణం చేయించింది. డాక్టరు అడిగినా బొబ్బలు ఎందుకొచ్చాయో చెప్పలేక దశాబ్దాలు గడిపినవారు వాళ్లు.

ఇక్కడ ఒక వాదన ఎదురవుతుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆ పరిశోధనల్లో మేలు కూడా ఉంది కదా అంటారు. ఉంది. మస్టర్డ్ విషానికి దగ్గరి చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను సైన్యం కోసం పరీక్షిస్తూ, అది తెల్ల రక్తకణాలను చంపుతోందని గమనించి, 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు క్యాన్సర్ రోగికి ఎక్కించి చూశారు. రహస్యం కావడం వల్ల 1946 దాకా లోకానికి చెప్పలేదు. ఇవాళ మన క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఎక్కించే సైక్లోఫాస్ఫమైడ్ ఆ కుటుంబపు మందే. నరాలను స్తంభింపజేసే విషాల కథ దీనికి తలకిందులు. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ మీద పడ్డాడు. దాన్ని సైన్యం ఎత్తుకుపోయింది. రెండేళ్లకు సారిన్ వచ్చింది. పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు, సారిన్ ఒకే వంశం. అందుకే వరంగల్లులో గాని గుంటూరులో గాని పురుగుమందు తాగిన మనిషికి ఆస్పత్రిలో ఎక్కించే ఆట్రోపిన్ సూదిమందునే సైనికులకు సారిన్ విరుగుడుగా ఇచ్చి పంపుతారు.

మేలు కలిగిందన్నది నిజం. ఆ మేలు రావల్పిండి సిపాయికి గాని, మాడిసన్‌కు గాని అందలేదన్నదీ అంతే నిజం. ఒకరి బాకీని మరొకరికి చెల్లించి చేతులు దులుపుకుంటామంటే ఏ షావుకారు ఒప్పుకుంటాడు?

ఆ రహస్య విద్య చివరికి ఎవరి మీద పడింది? 1987 జూన్ 28న ఇరాన్‌లోని సర్దష్త్ పట్టణం మీద, 1988 మార్చి 16న ఇరాక్ కుర్దుల హలబ్జా మీద. హలబ్జాలో సుమారు 5,000 మంది పోయారు. వేసింది సద్దాం హుస్సేన్ సైన్యం. ముస్లిం మీద ముస్లిం వేసిన విషం అది, ఆ మాట మింగడం కష్టమైనా చెప్పక తప్పదు. ముడిరసాయనాల్లో కొంత యూరపు వ్యాపారులు అమ్మినదే. అలా అమ్మిన ఫ్రాన్స్ వాన్ అన్రాట్ అనే డచ్చి వర్తకుడికి 2005లో హేగ్ కోర్టు జైలుశిక్ష వేసింది. ఇరాన్‌లో ఆ వాయువు పీల్చిన వేలమంది ఈనాటికీ దగ్గుతూ, ఊపిరి కోసం కొట్టుకుంటూ బతుకుతున్నారు.

రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమలులోకి వచ్చింది. అప్పుడు మన దేశం కూడా తన దగ్గర 1,044 టన్నుల మస్టర్డ్ ఉందని ప్రకటించి, 2009 నాటికి అంతా నాశనం చేసింది. మంచి పని. అయితే దాన్ని తయారుచేసినవారూ మన కాలేజీల్లో చదువుకున్నవారే కదా.

హైదరాబాదులో మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఫార్మసీ, బయోటెక్నాలజీ, రసాయన శాస్త్రం చదువుతున్నారు. రక్షణ పరిశోధనాశాలల్లోకి వెళ్లవద్దని మేము చెప్పడం లేదు. కలాం గారు వెళ్లారు. ఆ తలుపు లోపలికి అడుగుపెట్టిన అమ్మాయి, అబ్బాయి ఒక్కటి అడగాలి. మన ప్రయోగంలో కూర్చున్న మనిషి ‘వద్దు’ అంటే అతని ఉద్యోగానికి ముప్పు లేదు కదా అని. పైవాడి మాట కాదనలేని వారి అంగీకారం విషయంలో మరింత జాగ్రత్త కావాలని మన వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

పోర్టన్ డౌన్ ప్రయోగాలకు గురైన 360 మందికి బ్రిటన్ ప్రభుత్వం 2008లో క్షమాపణ చెప్పి 30 లక్షల పౌండ్లు చెల్లించింది. రావల్పిండి సిపాయిల ప్రస్తావన అందులో లేదు. వారిలో ఇవాళ బతికి ఉన్నవారు దొరకరేమో. కాగితాలు మాత్రం లండన్‌లో ఉన్నాయి. వాటిలో సిపాయిల పేర్లు, పటాలాల వివరాలు ఎంతవరకు ఉన్నాయో వెతికించి, దొరికినవి వారి మనవళ్లకు అందజేయమని ఢిల్లీ, ఇస్లామాబాదు ప్రభుత్వాలు కలిసి అడగవచ్చు. సరిహద్దు గీయకముందు కాలిన ఒళ్లవి.